పరుపు మూలలో మువ్వ

నందిగామ పాత బస్టాండు వెనక ఖలందర్ పరుపుల కొట్టు ఎక్కడని అడిగితే ఎవరూ వేలు పెట్టి చూపించరు. "దూది ఎగిరొచ్చే వైపు నడువు" అంటారు. ముందు చిన్న కొట్టు, వెనక రేకుల షెడ్డు. షెడ్డులో ఏకుడు మిషను ఆడుతున్నంతసేపూ సందులోని సైకిళ్ళ సీట్ల మీద, టీ బండి పాల గిన్నె మూత మీద సన్నగా తెల్లటి నూగు పరుచుకుంటుంది. దులుపుకోవడం ఆ సందువాళ్ళకి అలవాటైపోయింది.

షాజాది ఆ నూగులోనే పెరిగింది. తమ్ముడి కాన్పులోనే తల్లి పోవడంతో ఖలందర్ దాన్ని షెడ్డులో దూదికుప్ప పక్కనే పడుకోబెట్టి పని చేసుకునేవాడు. బడికెళ్ళే వయసు వచ్చేసరికే దబ్బనం పట్టింది. పరుపు మీద చారల గుడ్డని చేత్తో తడిమి, లోపల దూది ఎక్కడ పలచబడిందో, ఎక్కడ గడ్డకట్టిందో చూడకుండా చెప్పేది. పెళ్ళయి వత్సవాయి వెళ్ళింది గానీ రెండేళ్ళకే తిరిగొచ్చేసింది. ఎందుకొచ్చేశావని ఎవరన్నా ఆరా తీస్తే, "అక్కడ పరుపు గట్టిగా ఉందండీ" అని దారం కొరికేది. ఆ తర్వాత ఇంకెవరూ అడిగేవారు కాదు.

ఆ కొట్టుకో నియమం ఉంది. పాత పరుపు విప్పితే లోపల ఏమేం ఉంటాయో ఏకేవాడికే తెలుసు. జడపిన్నులు, పాలపళ్ళు, చెవిదుద్దు మరలు, ఎవరిదో పేరు రాసి మడిచిన కాగితం ముక్క. ఖలందర్ ఏది దొరికినా గుడ్డపీలికలో చిన్న మూట కట్టి, పరుపు తిరిగి కుట్టేటప్పుడు తలవైపు కుడిమూలలో పెట్టి కుట్టేస్తాడు. ఇదేమిటని అడగడు, దొరికిందని చెప్పడు. "మర్చిపోయిందైతే మర్చిపోనీ, దాచుకున్నదైతే దాచుకోనీ. ఏదైనా అది వాళ్ళది" అంటాడు. ఆ మాట కూడా ఏడాదికోసారి అంటాడేమో. ఆయన మాటల మనిషి కాడు.

షాజాది తమ్ముడు వాసిం అలా కాదు. వాడికి మాట లేనిదే పొద్దు గడవదు. ఫోమ్ పరుపుల ఏజెన్సీ ఇస్తామని విజయవాడ నుంచి ఎవరో వాడి చుట్టూ తిరుగుతున్నారు. వాళ్ళకి కావలసింది వెనక షెడ్డు. మిషను తీసేసి, టైల్స్ వేసి, అద్దాలు పెడితే షోరూమ్ అవుతుంది.

"ఈ రోజుల్లో పరుపు ఏకించుకునేవాళ్ళు ఎవరక్కా? ఉన్నవాళ్ళు కూడా చచ్చిపోతున్నారు."

"నువ్వు పుట్టింది ఆ షెడ్డులోనేరా."

"అందుకే తుమ్ములొస్తున్నాయి నాకు."

చివరికి ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. కొత్త పత్తి దిగేలోపు చేతి పరుపులకి సరిపడా ఆర్డర్లు వస్తే షెడ్డు ఉంటుంది. లేకపోతే ఏజెన్సీవాళ్ళు వచ్చి కొలతలు తీసుకుంటారు. నాన్న ముందు ఈ మాట ఎత్తలేదు. ఎత్తకపోయినా ఆయనకి తెలుసు. మిషను బెల్టుకి మునుపటికంటే ఎక్కువ నూనె పెడుతున్నాడు.

షాజాది పట్టుకున్న దారి న్యూస్‌లెటర్. అంతకుముందు ఆన్‌లైన్‌లో దిండ్లు, పసిపిల్లల బొంతలు కొన్నవాళ్ళ మెయిల్ అడ్రసులు కొట్టులో నాలుగొందల పైచిలుకు ఉన్నాయి. విజయవాడ, హైదరాబాదు, జగ్గయ్యపేట. వీడియోలు చూసి పంపడం నేర్చుకుంది. నెలకో శుక్రవారం వెళ్ళేలా ముందే రాసి పెట్టుకోవచ్చని కూడా నేర్చుకుంది. మొదటి నెలల్లో బూరుగు దూది లాభాలు, పండగ తగ్గింపు, పరుపు ఎండలో ఎలా వేయాలి, ఇలాంటివి రాసింది. ఎంతమంది తెరిచారో ఫోన్ చూపిస్తుంది కదా, అది చూసినప్పుడల్లా వేసిన అన్నం ఎవరూ ముట్టకుండా లేచిపోయినట్టుండేది. ఏ వీడియోలో చూసినా ఒకటే మాట. ఒక మనిషి కథ చెప్పండి, చదువుతారు.

"నాన్నా, నీ పరుపుల్లో ఒక్క సంగతి చెప్పు. ఊరూ పేరూ మార్చి రాస్తా."

ఖలందర్ దూది చీలుస్తున్నాడు. "పేరు మారిస్తే మనిషి మారిపోతాడా?"

అంతే. మళ్ళీ దూదిలోకి వంగాడు.

షాజాదికి కోపం రాలేదు. నియమం నియమమే. ఎవరి సంగతీ బయట పెట్టకూడదు, సరే. అయితే లేని మనిషిని పుట్టిస్తే? లేని మనిషికి దాచుకునేదేముంటుంది? అలా ఆలోచించింది. నియమం తప్పకుండా ఉండడానికే అబద్ధం రాసింది. దబ్బనం పక్కన పెట్టి, దూదిమూటకి ఆనుకుని కూర్చుంటే ఎక్కడా ఆగకుండా వచ్చేసింది. జగ్గయ్యపేటలో కమలాంబ గారని ఒకావిడ. ఇద్దరు పడుకునే పెద్ద పరుపు. సగం రాయిలా బిగిసిపోయింది, రెండో సగం కొన్ననాటిలా మెత్తగా ఉంది. ఆవిడ ఎన్నో ఏళ్ళుగా ఒక పక్కనే పడుకుంటోంది. ఎవరూ పడుకోని ఆ పక్కలో, దూది మధ్యన, చిన్న మువ్వ. పసిపిల్ల పట్టీది. లోపల గింజ లేదు.

ఆ నెల ఉత్తరం అందరూ తెరిచారు. తిరిగి రాశారు. తర్వాత ఏమైంది, ఆ పక్క ఎవరిది, అని. వాటితోపాటే ఆర్డర్లు కూడా వచ్చాయి.

రెండో నెల, కమలాంబ గారు రోజూ సాయంత్రం ఆ ఖాళీ పక్క మీద వేరే దుప్పటి పరిచి, అంచులు దోపి, దిండు సర్దుతుందని రాసింది. మూడో నెల, తెల్లవారుజామున ఆవిడకి మెలకువ వస్తే, ఆ పక్కన ఎవరో అటు నుంచి ఇటు ఒత్తిగిల్లిన చప్పుడు వినిపించిందని రాసింది. రాస్తున్నప్పుడు తన మెడ మీద వెంట్రుకలే లేచాయి. బాగా కుదిరిందనుకుంది.

నాలుగోది ఆఖరుది. అందులో కమలాంబ గారు ఒక సాయంత్రం తన పక్క వదిలి ఆ పక్కకి జరిగి పడుకుంటుంది. పొద్దున లేవదు. అంతే కథ. కింద, కొత్త పరుపులకి ముందుగా చెప్పుకునేవారికి ఉచితంగా దిండ్లు. వాసిం అది చదివి ఫోను తిప్పి తిప్పి చూశాడు.

"దీనికి పడతాయక్కా ఆర్డర్లు. నా ఏజెన్సీ పోయినట్టే."

ఉత్తరం వచ్చే శుక్రవారానికి సిద్ధంగా పెట్టేసింది.

ఆ శుక్రవారానికి ఇంకా మూడు రోజులుందనగా జగ్గయ్యపేట నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. పేరు సంహిత అంది. పోయినేడు ఈ కొట్లో దిండు కొన్నదట, మెయిల్స్ వస్తున్నాయట. "మా ఇంటి ఓనరావిడ పరుపు ఏకించాలండి. మీరే వచ్చి తీసుకెళ్ళాలి. మీరే రావాలన్నారు."

ఆ పూటే షాజాది, వాసిం ట్రాలీ ఆటోలో వెళ్ళారు. చిల్లకల్లు దాటాక గాలి మారింది. రోడ్డు పక్క ఆకులన్నీ సిమెంటు దుమ్ముతో బూడిద రంగులో ఉన్నాయి. ధనంబోడు వైపు వీధిలో, కింద ఒక వాటా, పైన ఒక వాటా ఉన్న పాత ఇల్లు. సంహిత పైవాటా మెట్ల మీద నిలబడి తలుపు చూపించింది గానీ కిందికి దిగలేదు. వాసిం ఫోన్ వస్తే ఆటో దగ్గరే ఆగిపోయాడు.

గదిలో పట్టెమంచం. దాని మీద పెద్ద పరుపు. సగం మీద మామూలు దుప్పటి, నలిగి ఉంది. రెండో సగం మీద పసుపుపచ్చ దుప్పటి, అంచులు దోపి, చిన్న దిండు సర్ది ఉంది. గోడకి దండ వేసిన ఫోటో. అయిదారేళ్ళ పిల్ల, బాబ్డ్ హెయిరు, కాళ్ళకి పట్టీలు.

మంచం పక్క కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది.

"రామ్మా. నువ్వేనా రాసేది?"

"అవునండీ." షాజాది గుమ్మంలోనే ఆగింది. "మీ పేరు..."

"నా పేరు నీకు తెలుసు కదే. నెలనెలా పైనమ్మాయి చదివి వినిపిస్తోంది." కమలాంబ గారి గొంతులో కోపం లేదు. కూరగాయల బేరంలా మామూలుగా ఉంది. "మొదటిది విన్నప్పుడు, నా సంగతి ఎవరో నీకు మోశారనుకున్నా. ఎవరా అని చాలా ఆలోచించా. ఎవరూ లేరు, తెలిసినవాళ్ళంతా పోయారు."

"నేను ఊరికే రాశానండీ మామ్మగారూ. కల్పించి రాశా."

"ఊఁ. రెండోదాంట్లో దుప్పటి పరుస్తానని రాశావు. నేనెప్పుడూ పరవలేదమ్మాయ్. నువ్వు రాశాక, ఎందుకు పరవలేదా అని సిగ్గేసింది. అప్పటినుంచీ పరుస్తున్నా."

షాజాది పసుపు దుప్పటి వైపు చూడకుండా ఉండాలని చూసింది.

"మూడోది వచ్చిన మర్నాటినుంచీ వినిపిస్తోంది" అంది కమలాంబ గారు. "నువ్వు రాసినట్టే. అటు నుంచి ఇటు."

బయట వాసిం ఫోన్లో నవ్వుతున్నాడు. ఆ నవ్వు చాలా దూరం నుంచి వస్తున్నట్టుంది.

"భయంగా ఉందా అండీ?"

"నాకెందుకే భయం. నిద్ర లేదు, అంతే. చెవి అటే ఉంటోంది." ఆవిడ కొంచెం ముందుకి వంగింది. "నాలుగోది రాశావా?"

"ఇంకా లేదండీ."

"రాశావులే. నీ మొహం చెబుతోంది. దాచకు, ముందే చెప్పు. నేను ఆ పక్కకి జరగాలా?"

షాజాది నలిగిన దుప్పటి తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది.

"జరగమంటే జరుగుతా. ఏదో ఒకటి తేలుతుంది" అంది కమలాంబ గారు. తర్వాత ఫోటో వైపు చూడకుండానే, "ఆ పక్క ఎవరిదో మాత్రం నువ్వు ఇన్నాళ్ళూ రాయలేదు. అదొక్కటీ రాయకు" అంది.

పరుపు ఎత్తుతుంటే ఒక సగం బండలా లాగింది, రెండో సగం దూదిపింజలా లేచింది. "ఇదేంటక్కా, ఇలా వంకరగా ఉంది" అని వాసిం తిట్టుకుంటూ ఆటోలోకి ఎక్కించాడు. దారిలో, ఆటో నడుస్తుండగానే, షాజాది ఫోను తీసి శుక్రవారం ఉత్తరాన్ని తీసేసింది. ఆవిడ అన్నవన్నీ వాసింకి చెప్పింది.

వాడు ఆటో పక్కకి ఆపాడు. "పిచ్చా నీకు? పెద్దావిడ. ఫోన్లో ఏదో విని, దాన్నే తలుచుకుని కలలు కంటోంది. అది కథేగా అక్కా?"

"ఈ శుక్రవారం అది వెళ్ళిందనుకో. పైనమ్మాయి చదివి వినిపిస్తుంది. ఆవిడ జరుగుతుంది."

"జరిగితే ఏమవుతుంది? మంచమేగా."

"ఏమవుతుందో నేను రాశా కదరా."

వాసిం మళ్ళీ ఆటో స్టార్ట్ చేశాడు. "మరి షెడ్డు? ఆ ఉత్తరం పోతే ఆర్డర్లూ పోతాయి. నేను మాట తప్పను, నువ్వూ తప్పకు."

"తప్పను" అంది షాజాది.

ఖలందర్ పరుపుని షెడ్డులో దింపించి దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. తలవైపు కుడిమూల దగ్గర ఆగి బొటనవేలితో కుట్టు తడిమాడు. తడిమి, అక్కడే కూలబడ్డాడు.

"ఈ మూల నేను కుట్టిందే."

షాజాది ఆయన ఎదురుగా కూర్చుంది. "ఎప్పుడు?"

"అప్పటికి నీకు సరిగ్గా మాటలు రాలేదు. ఇదిగో, ఇక్కడే కూర్చున్నావు. అప్పుడు ఇది చెడింది కాదు, ఆ పిల్ల పోయాక ఆ తల్లి ఏకించమంది. లోపల మువ్వ దొరికింది. పక్కన పెట్టి గుడ్డపీలిక కోసం వెళ్ళొచ్చేసరికి అది నీ నోట్లో ఉంది. వేలు పెట్టి తీశా. మువ్వ వచ్చింది గానీ అందులో గింజ రాలేదు. మింగావో, ఉమ్మావో. షెడ్డంతా చీపురుతో వెతికాం. దొరకలేదు." ఆయన అంత పొడుగు మాట్లాడడం షాజాది ఎప్పుడూ వినలేదు. "ఆవిడ పేరు నేను అప్పుడు పదిసార్లు అనుకుని ఉంటా. కమలాంబ గారికి ఏం చెప్పాలి, కమలాంబ గారికి ఏం చెప్పాలి అని. చెప్పలేదు. నియమం ఉంది కదా అని మూటగట్టి కుట్టేశా."

కల్పించాననుకున్నది కల్పించింది కాదు. దూదిమూటకి ఆనుకుని కూర్చుంటే ఆగకుండా ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది. అంతవరకూ సరే. కానీ ఒత్తిగిల్లిన చప్పుడు ఎక్కడినుంచి వచ్చింది? అది షెడ్డులో జరిగింది కాదు, ఎవరూ చెప్పింది కాదు. అది షాజాది రాసింది, అంతే.

"మంచి ముగింపు రాసేస్తా నాన్నా. ఆవిడ హాయిగా పడుకుందని రాస్తా. అలాగే జరుగుతుందేమో."

"మళ్ళీ రాయడమేనా?" ఖలందర్ బ్లేడు అందించాడు. "ముందు చెయ్యి. అయ్యాక, చేసిందేదో అది రాయి."

ఇద్దరూ కలిసి పరుపు విప్పారు. మూలలోంచి మూట తీసి, విప్పకుండా పైన అలమారలో పెట్టారు. గట్టిపడిన సగం దూదిని చేతులతో చీలుస్తుంటే గోళ్ళు నొప్పెట్టాయి. మామూలుగా తలవైపు దూది తలవైపుకే, ఎవరి పక్క దూది వాళ్ళ పక్కకే వేసి నింపుతారు. చీల్చి ఎండబెట్టాక ఖలందర్ రెండు కుప్పల మధ్య నిలబడి కూతురి వైపు చూశాడు.

"కలిపేద్దామా?" అంది షాజాది.

ఆయన తలాడించాడు. ఆ కొట్లో అలా కలపడం అదే మొదలు. రెండు కుప్పలూ ఒకటై మిషన్లోకి వెళ్ళాయి, ఒకటే దూదై బయటికొచ్చాయి. నింపి, బెత్తంతో కొట్టి చదును చేశాక చూస్తే ఏ పక్క ఎవరిదో చెప్పడానికి లేదు.

మూట మూలలో పెట్టే ముందు షాజాది ఒక్కసారి విప్పింది. నల్లబడిన వెండి మువ్వ. చెవి దగ్గర పెట్టి ఊపింది. గింజ లేదు, చప్పుడు లేదు. మళ్ళీ కట్టి, మూలలో పెట్టి, దబ్బనం దింపింది. మునుపు నాన్న వేసిన కుట్టు రంధ్రాలు గుడ్డలో ఇంకా కనిపిస్తున్నాయి. వాటిలోంచే దారం తీసింది.

శుక్రవారం వెళ్ళిన ఉత్తరం ఇది:

"ఇన్ని నెలలుగా మీరు చదివిన పెద్దావిడ కథ ఇక్కడ ఆపేస్తున్నా. అది నేను చెప్పాల్సింది కాదు. ఈ వారం మా షెడ్డులో ఒక పాత పరుపు విప్పాం. దూది రెండెండలు ఎండింది. రెండు పక్కల దూదీ కలిపి ఏకాం. ఇప్పుడు అది ఒకటే పరుపు. మధ్యలో పడుకోవచ్చు. లోపల దొరికింది లోపలే పెట్టాం. మీ పరుపులో దొరికినా అంతే చేస్తాం."

దిండ్ల సంగతి రాయలేదు.

జవాబులు చాలానే వచ్చాయి. ఇదేం ముగింపు అని కొందరు, మోసం అని ఒకాయన. జాబితాలోంచి పేరు తీసేయమన్నవాళ్ళు వరసగా తీసేయించుకున్నారు. ఆర్డర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. ఏజెన్సీవాళ్ళు సోమవారం టేపు పట్టుకుని వస్తామని వాసింకి కబురు పెట్టారు. షాజాది మాట తప్పలేదు. మిషను పక్కన సామాను సర్దడం మొదలుపెట్టింది. అది చూసి ఖలందర్ బెల్టుకి నూనె పెట్టడం మానేశాడు.

ఆదివారం పొద్దున వాసిం ఒక్కడే పరుపు తీసుకుని జగ్గయ్యపేట వెళ్ళాడు. మధ్యాహ్నానికి రావలసినవాడు పొద్దు వాలాక వచ్చాడు. ఆటో సందు మొదట్లోనే ఆపి నడిచొచ్చాడు. టీ బండి దగ్గర ఎవరో పలకరించినా బదులివ్వలేదు. వాడికి మాట లేకపోవడం సందులో అందరూ గమనించారు.

షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, ఆ మూలలో ఏం కుట్టావు?"

"వాళ్ళది."

"వాళ్ళదే. ఏంటది?"

షాజాది దారం చుట్టుకుంటూ ఉండిపోయింది.

"చిల్లకల్లు దాటినప్పటినుంచీ మోగుతోంది" అన్నాడు వాసిం. "ఆటోలో ఏదన్నా ఊడిందేమో అని ఆపి చూశా. ఆపితే కూడా మోగుతోంది. సన్నగా. చిన్నపిల్ల పరిగెత్తినట్టు. ఆవిడ ఇంటి ముందు దింపేదాకా మోగింది. లోపల మంచం మీద వేశాక ఆగింది. ఆవిడ వెంటనే దాని మధ్యలో పడుకుంది, నేనింకా గదిలో ఉండగానే. పట్టపగలు. రెండు నిమిషాల్లో గురక. నేను మెట్ల మీద కూర్చున్నా, లేస్తుందో లేదో చూసి పోదామని."

"లేచిందా?" షాజాది చేతిలో దారం ఆగిపోయింది.

"సాయంత్రం లేచింది. నన్ను చూసి, ఇంకా ఉన్నావేంటయ్యా, టీ తాగుతావా అంది." వాసిం గొంతు సవరించుకున్నాడు. "పరుపు బాగుందని చెప్పమంది. ఇంకో మాట కూడా చెప్పమంది. గింజ దొరికిందన్నమాట, సంతోషం, అంది. ఏం గింజక్కా?"

షెడ్డు లోపల ఖలందర్ చేతులు ఆగాయి. గింజ పోయిన సంగతి ఆయన ఆవిడకి ఎన్నడూ చెప్పలేదు. షాజాదికి మొదటి ఉత్తరం గుర్తొచ్చింది. గింజ లేదని తనే రాసింది. దొరికిందని మాత్రం ఎక్కడా రాయలేదు.

తండ్రీ కూతుళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తర్వాత ఇద్దరి చూపులూ షెడ్డు నేల మీదికి దిగాయి. వాసిం కూడా ఆ నేల వైపే చూశాడు. జేబులోంచి ఫోను తీసి, అక్కడే నిలబడి ఏజెన్సీవాళ్ళకి చేశాడు.

"రేపు రాకండి సార్. ముందు కొట్టు కావాలంటే చూద్దాం. వెనక షెడ్డు కుదరదు... ఏం లేదు సార్, కుదరదు. నేల తవ్వనివ్వను."

ఖలందర్ లేచి నూనె డబ్బా అందుకున్నాడు.

ఇప్పుడు ముందు కొట్లో ప్లాస్టిక్ కవర్లలో ఫోమ్ పరుపులు నిలబెట్టి ఉంటాయి. వెనక మిషను ఆడుతుంది. షాజాది నెలనెలా ఉత్తరం రాస్తూనే ఉంది. చదివేవాళ్ళు మునుపటంతమంది లేరు. ఉన్నవాళ్ళు పోవడం లేదు. ఆ వారం ఏ పరుపు విప్పారో, దూది ఎలా ఉందో, ఎన్ని ఎండలు పట్టిందో, ఎక్కడ కుట్టు గట్టిగా లాగిందో రాస్తుంది. పని పూర్తయి, పరుపు ఇల్లు చేరాకే రాస్తుంది. రేపటి సంగతి ఒక్క ముక్క కూడా రాయదు.

షెడ్డు ఊడ్చేటప్పుడు మాత్రం చీపురు గట్టిగా వేయదు. మూలల్లో చేత్తో తీస్తుంది, నెమ్మదిగా, నూగుని వేళ్ళ మధ్య నలిపి చూసుకుంటూ.